సెల్ఫ్ తిరుగుతుంది, బండి లేవదు

హైదరాబాద్ పాతబస్తీ డీజిల్ మెకానిక్ పని మీద చదువుకున్నవాళ్లకు ఒక చులకన ఉంది. ఏదో ఒకటి విప్పుతాడు, తగిలితే తగిలింది, లేకపోతే ఇంకోటి విప్పుతాడు అని. ఆరాంఘర్, కాటేదాన్, చాంద్రాయణగుట్ట దారుల్లో లారీలూ డీసీఎం వ్యాన్లూ ఆగే షెడ్ల దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట ఎంత తేలికో తెలుస్తుంది. స్టార్ట్ కాని ఇంజన్ ముందు మంచి ఉస్తాద్ ఒక్కో పరీక్షతో కొన్ని అనుమానాలను కొట్టేస్తూ పోతాడు. పైసా ఖర్చు లేని పరీక్షలు ముందు, పానా పట్టాల్సినవి తర్వాత, హెడ్ విప్పడం అన్నిటికంటే చివర. ఈ వరుసలోనే అతని విద్యంతా ఉంది. ఇది చేతిలోంచి చేతికి వచ్చింది కాబట్టి దీన్ని పద్ధతి అని పిలవడానికి మనకు నోరు రావడం లేదు.

పెట్రోల్ ఇంజన్‌లా డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన యంత్రం నుంచి ఇవాళ్టి డీసీఎం దాకా మూల సూత్రం ఒకటే. గాలిని గట్టిగా నొక్కాలి. ఇప్పటి ఇంజన్లలో సాధారణంగా 14 నుంచి 22 రెట్ల దాకా నొక్కుతారు. అప్పుడు దాని వేడి 500 డిగ్రీలు దాటుతుంది, అందులో తుంపరగా పడిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. అంటే ఇంజన్ చాలినంత జోరుగా తిరగాలి, నొక్కిన గాలి ఎటూ పోకూడదు, సమయానికి డీజిల్ పడాలి. మొదటిది తేల్చడానికి ఉస్తాద్ హెడ్‌లైట్ వేసి సెల్ఫ్ కొట్టమంటాడు. లైటు బాగా మసకబారి సెల్ఫ్ మూలిగితే ముందు బ్యాటరీ, టెర్మినళ్లు చూడాలి. లైటు అలాగే వెలుగుతూ సెల్ఫ్ ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే సాలినాయిడ్, దాని వైర్లు చూడాలి. సెల్ఫ్ నిక్షేపంగా తిరుగుతుంటే చూపు సైలెన్సర్ మీదికి పోతుంది. పొగ బొత్తిగా లేకపోతే సిలిండర్‌దాకా డీజిల్ రావడం లేదన్నమాట. తెల్ల పొగ వస్తుంటే డీజిల్ వస్తోంది, కాలడం లేదు. అప్పుడు కంప్రెషన్, టైమింగ్, డీజిల్‌లో కలిసిన నీళ్లు అనుమానంలోకి వస్తాయి. ఇంతదాకా ఒక్క బోల్టు కూడా కదల్లేదు.

పొగ లేని బండికి ముందు స్టాప్ వైర్ ఇరుక్కుందేమో చూస్తారు. తర్వాత హవా తీయడం, అంటే డీజిల్ దారిలో చిక్కిన గాలిని వెళ్లగొట్టడం. ఫీడ్ పంపు మీది చేతి పంపు కొడుతూ ఫిల్టర్ దగ్గరి బ్లీడింగ్ స్క్రూ వదులు చేస్తారు. ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, చివరికి తేటగా డీజిల్ ధార. ధార పడుతుండగానే, చేతి పంపు ఆపకుండా స్క్రూ బిగించాలి. ఆపి బిగిస్తే పోయిన హవా మళ్లీ దూరుతుంది. ఎంత కొట్టినా బుడగలు ఆగకపోతే టాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఎక్కడో పైపు గాలి పీలుస్తోంది. ఇది దొంగ లోపం, ఎందుకంటే గాలి పీల్చే చోట డీజిల్ బయటికి కారకపోవచ్చు, తడి ఆనవాలు ఉండదు. అందుకని టాంకు పైపు పక్కన పెట్టి, డబ్బాలో డీజిల్ పోసి నేరుగా ఫీడ్ పంపుకు కలుపుతారు. బండి లేచిందా, నాజిళ్లకు డీజిల్ కొట్టే మైకో పంపుకు ఏ రోగమూ లేదు, లోపం టాంకు నుంచి వచ్చే దారిలో ఉంది. ఒక్క అంశం మార్చి మిగతావన్నీ అలాగే ఉంచి చూడటం అంటే ఇదే. లాబొరేటరీలో చేస్తే దీనికి పెద్ద పేరు ఉండేది.

ఈ వరుస ఊరిని బట్టి కూడా మారుతుంది. చలి దేశాల్లో ముందుగా పట్టించుకునే, సిలిండర్లను వేడెక్కించే గ్లో ప్లగ్‌లు, గడ్డకట్టే డీజిల్ హైదరాబాద్ చలికి అంత పెద్ద సమస్య కావు. ఇక్కడి శత్రువు నీళ్లు. 2020 అక్టోబర్ వానలకు హాఫిజ్ బాబానగర్, అల్ జుబేల్ కాలనీ లాంటి చోట్ల వాహనాలు నీట మునిగాయి. మునిగిన డీజిల్ బండికి చేయాల్సిన మొదటి వైద్యం సెల్ఫ్ కొట్టకపోవడం. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. పిస్టన్ పైకొచ్చినప్పుడు డీజిల్ సిలిండర్‌లో మిగిలే చోటు చాలా తక్కువ కాబట్టి లోపల నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నాజిళ్లు విప్పి, క్రాంక్‌ను చేత్తో తిప్పి నీళ్లు వెళ్లగొట్టాలి. ఇంజన్ ఆయిల్, డీజిల్, ఫిల్టర్లు మార్చాలి. తాళం చెవి మాట ఆ తర్వాతే. ఒక్కసారి ఆత్రపడి సెల్ఫ్ కొడితే పడే ఖర్చుతో పోలిస్తే ఈ ఓపిక చాలా చవక.

అందరు మెకానిక్‌లూ ఇలా చేస్తారా అంటే చేయరు. పొగ వైపు చూడకుండా నాజిళ్లు మార్చేసి బిల్లు వేసేవాళ్లున్నారు. గాలి గొట్టంలో ఈథర్ స్ప్రే కొట్టి బండి లేపేవాళ్లూ ఉన్నారు. గ్లో ప్లగ్ వేడిగా ఉన్నప్పుడు ఆ స్ప్రే కొడితే గాలి గొట్టంలోనే పేలవచ్చు, రింగులు విరగవచ్చు. కానీ అది ఈ పద్ధతిని వదిలేసిన పని, దాన్ని చూపించి పద్ధతిని తిట్టడం కుదరదు. ఇంతకంటే గట్టి అభ్యంతరం కామన్ రైల్ ఇంజన్లది, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టంలోంచి పెద్ద ఒత్తిడితో డీజిల్ అందేవాటిది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బండి అంటే సెన్సర్లు, కంప్యూటర్; ఇక చేతి పంపు ఉస్తాద్‌తో పనేముంది అంటారు. ఇందులో కొంత నిజముంది. పాత నాజిల్ సుమారు 200 బార్ దగ్గర తెరుచుకునేది, కామన్ రైల్‌లో ఒత్తిడి 1600 బార్ కూడా దాటుతుంది. డీజిల్ వస్తోందో లేదో చూడటానికి పాత అలవాటుకొద్దీ అక్కడ ఇంజెక్టర్ పైపు నట్టు వదిలితే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. ఆ ఒక్క పరీక్షను నిర్దాక్షిణ్యంగా మానేయాలి.

అయితే స్కానర్ చెప్పేది సెన్సర్ చూసినంత వరకే. కామన్ రైల్ గొట్టంలో ఒత్తిడి చాలడం లేదని అది చెబుతుంది. తప్పు పంపుదా, రెగ్యులేటర్‌దా, నాలుగు ఇంజెక్టర్లలో ఒకదానిదా అన్నది చాలాసార్లు దానికి తెలియదు. అప్పుడు చేసే పరీక్ష పాత బుద్ధిలోంచి వచ్చిందే. పెద్ద ఒత్తిడి ఉండని రిటర్న్ పైపులు తీసి, ఒక్కో ఇంజెక్టర్‌కు ఒక్కో చిన్న సీసా తగిలించి సెల్ఫ్ కొడతారు. మిగతావాటికంటే ముందు ఏ సీసా నిండుతుందో ఆ ఇంజెక్టరే డీజిల్‌ను వెనక్కి వదిలేస్తోంది. ఒక్కదాన్ని మార్చితే బండి లేస్తుంది, మిగతా మూడింటి డబ్బు ఓనర్ జేబులోనే ఉంటుంది.