నాటువైద్యుని మౌఖిక చరిత్ర: పట్టికకు అందని మాట

జానపద వైద్యాన్ని నమోదు చేసే పరిశోధకుని దృష్టి సాధారణంగా వ్యాధి, మూలిక, మోతాదు అనే మూడు గడుల పట్టికపైనే నిలుస్తుంది. కామెర్లకు నేలఉసిరి, విరిగిన ఎముకకు నల్లేరు అని రాసుకోగానే ఆ మాట చెప్పిన నాటువైద్యుడు వ్యాసం నుండి తప్పుకొంటాడు. నిజానికి మౌఖిక చరిత్ర ఆరంభం కావలసిన చోటది.

సున్నపురాతి గనులు, సిమెంటు కర్మాగారం వెలసిన కడప జిల్లా చిలమకూరు పరిసరాలలో ఈ లోపం మరీ బరువైనది. మూలికను ఏ వంకగట్టున, ఎవరి చేనిగట్టున తెచ్చేవారో చెప్పే వాక్యం వైద్యానికెంత ఆధారమో, రూపు మారిన నేల చరిత్రకూ అంతే. పట్టికలో దానికి గడి లేదు.

వైద్యుని మౌనం ఇంకా క్లిష్టమైన విషయం. పేరు బయటపెడితే మందు పనిచేయదన్న నమ్మకాన్ని మూఢత్వమని కొట్టివేయడం తొందరపాటు. పుత్తూరు కట్టులో కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు అందరూ ఎరిగినవే. ఆకుపసరు మాత్రం కుటుంబ విద్య. జీవవైవిధ్య చట్టం (2002) వైద్యులకు, హకీములకు కొన్ని మినహాయింపులిచ్చింది గాని, పరిశోధన వ్యాసంలో అచ్చయిన రహస్యాన్ని ఏ చట్టమూ వెనక్కి తేలేదు. కనుక "ఆ ఆకు పేరు అడగాకండి" అన్న నిరాకరణ ఎదురైతే, దానిని ‘సమాచారం లభ్యం కాలేదు’ అని మార్చక, అదే మాండలికంలో, అడిగిన ప్రశ్నతో సహా ఎత్తిరాయడమే న్యాయం. శబ్దముద్రణలో ఏ భాగాన్ని ఇతరులు వినవచ్చునో నిర్ణయించే అధికారం కూడా వైద్యునిదే.