విరహకార్శ్యము – నేటి చెలిమి

ప్రబంధనాయిక చిక్కిపోయినప్పుడు చెలికత్తెలు చేసే పని ఒక్కటే. ఆ చిక్కడాన్ని ఆపడం. పన్నీరు, చందనము, అరటియాకుల వీవనలు, తామరతూండ్లు - వీటన్నిటికీ కలిపి శైత్యోపచారములని పేరు. మనుచరిత్రలో ప్రవరుడు వెడలిపోయిన పిదప వరూధినికి, వసుచరిత్రలో గిరికకు జరిగినది ఇదే. ఆలంకారికులు మన్మథావస్థలలో కార్శ్యానికొక స్థానమే కేటాయించినారు. కంకణము మణికట్టు దాటి జారితే అది ప్రేమకు కొలత. స్త్రీలందరూ చేరి ఒక స్త్రీ దేహాన్ని గురించి ఆతురపడే దృశ్యాలు మన కావ్యాలలో ఇంత విరివిగా ఉన్నా, ఆ ఆతురతకు కేంద్రము అక్కడ లేని పురుషుడు. గిరిక చెలి మంజువాణికి పేరున్నది, వాక్చాతుర్యమున్నది. కథ మాత్రము ఆమెది కాదు.

ఢిల్లీ మహానగరంలో ఈ దృశ్యము తలక్రిందులైనది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, పదునైదు మొదలు నలుబదితొమ్మిది ఏండ్ల వయసుగల ఢిల్లీ స్త్రీలలో 41 శాతానికి పైగా అధిక బరువు గలవారు. దేశమంతటికీ ఆ లెక్క 24 శాతము. ఆంధ్రప్రదేశ్‌లో 36, తెలంగాణలో 30. లోదీ తోటలో, సయ్యదు సుల్తాను మహమ్మద్ షా సమాధి చుట్టూ, ఉదయాన ఇద్దరేసి ముగ్గురేసి స్త్రీలు నడుస్తుంటారు. ఒకతెకు ఆయాసము వస్తే రెండవ ఆమె అడుగు తగ్గిస్తుంది. నాటి చెలి చిక్కడానికి భయపడినది. నేటి చెలి అందుకు సంతోషిస్తున్నది. ఆలంకారికుల లక్షణాలకు అందని రసమిది.

ఈ రసాన్ని పట్టుకోబోయే తెలుగు రచయితకు మొదట అడ్డము వచ్చేది తెలుగే. "చిక్కిపోయావు" అనడం మన ఇండ్లలో మెచ్చుకోలు కాదు, ఆవేదన. పుట్టింటికి వచ్చిన బిడ్డను నాలుగు నాళ్ళుండి ఒళ్ళు చేసుకొని వెళ్ళమంటారు. అన్నము మానడమంటే అలక, లేదా శోకము. ఢిల్లీలో కాపురమున్న కూతురు రాత్రిపూట అన్నము మానివేసినానని టెలిఫోనులో చెబితే, ఎవరితో పోట్లాడినావని తల్లి అడిగినా ఆశ్చర్యము లేదు. పక్కింటి పంజాబీ ఆమెకు ఆ చిక్కు లేదు. ఆమె వదలవలసినది అన్నము కాదు, పరాఠా మీది వెన్న. సగము వచ్చిన హిందీలో, "భాభీజీ" అన్న పిలుపుతో, చక్కెర లేని టీతో మొదలయ్యే ఈ చెలిమికి తెలుగు కథలో తగిన సంభాషణ కూర్చడం సులభము కాదు. వదిన, అక్కయ్య, పిన్ని అన్న వరుసలన్నీ చుట్టరికాన్ని వెంటబెట్టుకొని వస్తాయి. సఖి, చెలి అన్న మాటలు కావ్యాన్ని మోసుకొని వస్తాయి. నేస్తమన్న మాట ఒక్కటే కొంత తేలికగా ఉన్నది.

అంతకన్న లోతైన చిక్కు మరొకటి. బరువు తగ్గించడము ఈ నగరంలో పెద్ద వ్యాపారము, వి.ఎల్.సి.సి. సంస్థ 1989లో పుట్టినది ఇక్కడే. వివాహ ప్రకటనలలో "స్లిమ్" అన్న మాట చిరకాలంగా చెలామణిలో ఉన్నది. అందుచేత "తగ్గావు" అని నేస్తము ముచ్చటపడినప్పుడు ఆమె ఎవరి కన్నులతో చూస్తున్నది? మోకాళ్ళ నొప్పి ఎరిగిన నేస్తము కన్నులతోనా, పెండ్లిచూపులకు వచ్చినవారి కన్నులతోనా? రెండూ ఒకే మాటలో కలిసి ఉండవచ్చును. మాట ఒకటే కనుక కథకుడు తప్పించుకొనడం తేలిక. ఆ కలగలుపును విడదీసి చూపడమే అతని పని. విడదీయకపోతే విరహకార్శ్యమే మరల వచ్చి కూర్చుంటుంది, తామరతూండ్లకు మారుగా తూకపుయంత్రముతో.

ఎనిమిదవ దశకం నుండి స్త్రీవాద కవిత్వము దేహాన్ని దాని యజమానురాలి నోట పలికించినది. పైటను గురించిన జయప్రభ కవిత, 1993లో వెలువడిన "నీలిమేఘాలు" సంకలనము ఆ సాహసానికి నిదర్శనాలు. కాని ఆ కవితలలో స్త్రీ తరచు ఒంటరిగా, పురుషునికి ఎదురుగా నిలుస్తుంది. పక్కన నిలిచే స్త్రీ అరుదు.

ఆ లోటును కొంత తీర్చినది ఓల్గా. 2015 సంవత్సరానికి సాహిత్య అకాడెమీ పురస్కారము పొందిన "విముక్త"లో "సమాగమం" అనే కథ ఉన్నది. వాల్మీకి ఆశ్రమంలోని సీత, ముక్కుచెవులు కోల్పోయిన శూర్పణఖను వెదకి వెళ్ళుతుంది. కావ్యము పగవారిగా నిలిపిన ఇద్దరు స్త్రీలు, అందము నెపంగా దెబ్బతిన్నవారు, ఒక తోటలో కూర్చొని మాట్లాడుకొంటారు. జాలి లేదు, పోలిక లేదు. తన రూపముతో తాను ఎంత పోరాడినదీ శూర్పణఖ దాపరికము లేకుండా చెబుతుంది. చేయి పూలమొక్కల మధ్య పడిన తరువాతనే తన దేహము తనకు తిరిగి దక్కినదన్న ఆమె అనుభవము, ఇటీవలి తెలుగు కథలో దేహాన్ని గురించిన మేలైన ఊహలలో ఒకటి.

అయినను ఒక మాట అనక తప్పదు. అక్కడ ఇద్దరూ పరిణతి చెందిన సత్యాలనే పలుకుతారు. పోరాటము ముగిసిన తరువాతనే అది పాఠకుని చెవిన పడుతుంది. తగ్గిన బరువు మరల పెరిగిన నెలలో, నడకకు రానని తలుపు వేసుకొన్న ఉదయాన, నేస్తము ఏమి చేస్తుందన్నది లోదీ తోటలోని జంటలకు తెలిసిన సంగతి. "సమాగమం" దానిని దాటి మొదలవుతుంది. సీత వెళ్ళేసరికి ఆ తోట పూచి ఉన్నది. ఆ మొక్కలు నాటిన నాడు శూర్పణఖ పక్కన ఎవరున్నారన్నది వేరొక కథ.