పేరు రాని ఏళ్ల పెద్దరికం: బోర్డో వైన్లు

ఫ్రాన్సు నైరుతి భాగాన గరోన్, దోర్దోన్య్ నదులు కలిసి జిరోండ్‌గా సముద్రం వైపు సాగే నేలలో తయారయ్యే బోర్డో వైన్‌ను ప్రపంచం సంవత్సరం చూసి కొంటున్నది. ద్రాక్ష కోసిన సంవత్సరాన్ని వింటేజ్ అంటారు. 1961, 1982, 2005, 2010 వింటేజ్‌ల సీసాలకు వేలంపాటల్లో కనిపించే పోటీ చూస్తే, మిగిలిన ఏళ్లలో అక్కడ ద్రాక్షే పండలేదేమో అనిపిస్తుంది. కాని బోర్డో పనివారి అసలు నేర్పు, ఆ మహా వింటేజ్‌ల నీడలో పడిపోయిన 1988, 2001, 2004, 2008, 2014 వంటి ఏళ్లలోనే, అదీ పదేళ్లో ఇరవై ఏళ్లో నేలమాళిగలో నిలవ ఉంచిన తరువాతనే, బయటపడుతుంది.

ఎండ సమృద్ధిగా కాసిన ఏడు ద్రాక్ష తనంతట తానే పండుతుంది. చల్లని ఏట దానిని మనిషి పండించుకోవాలి. 2004లో కాపు విపరీతంగా వచ్చినప్పుడు, నిజమైన పనివారు వేసవిలోనే పచ్చి గుత్తులను తెగ్గోసి నేల పాలు చేశారు, మిగిలిన గుత్తులకైనా తీగ బలం దక్కాలని. కోత తరువాత గింజ గింజా ఏరి, నది ఎడమ గట్టు గులకరాతి నేలకు నప్పే వగరు కాబెర్నే సోవిన్యోన్‌ను, కుడి గట్టు బంకమన్ను నేలల్లో రాణించే మెత్తని మెర్లోను రుచి చూసి పాళ్లు కుదిర్చి కలుపుతారు. ఆ కలయికకు తూగని పీపాలను షాతో, అనగా ఆ తోట యజమాని సంస్థ, తన అసలు పేరుతో అమ్మక రెండో వైన్‌గా విడిగా అమ్ముతుంది. 225 లీటర్ల ఓక్ పీపాల్లో ఏడాదిన్నర పాటు మూడు నెలలకొకసారి మడ్డి వదిలించి, చివరకు గుడ్డు తెల్లసొనతో తేర్చే ఆ ఓర్పును ఎంత పొగిడినా తక్కువే. మిగిలిన పచ్చసొనల నుంచే బోర్డో నగరపు కనెలే అనే తీపి వంటకం పుట్టిందని చెప్పుకుంటారు.

ఈ విద్యకు ఆధునిక కాలంలో ఆచార్యుడు ఎమిల్ పేనో. పచ్చి ద్రాక్ష కోయవద్దనీ, ఘాటైన మాలిక్ ఆమ్లం మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారే ప్రక్రియను విధికి వదిలేయక అదుపులో పెట్టాలనీ ఆయన పట్టుబట్టి నేర్పాడు. 1977లో మెంత్సెలోపూలోస్ కుటుంబం చేతికి వచ్చేనాటికి షాతో మార్గో ప్రతిష్ఠ అడుగంటి ఉండగా, మరుసటి ఏడే, వేసవి చెడినా ఆలస్యంగా వచ్చిన ఎండలతో గట్టెక్కిన 1978 పంటతో, పేనో సలహా మీద అక్కడ తయారైన వైన్ ఆ పేరును మళ్లీ నిలబెట్టింది. అంతకన్న గొప్ప పరీక్ష మరొకటి ఉండదు.

నిలవలో జరిగేదేమిటి? తొక్క, గింజల నుంచి వచ్చే టానిన్లు, అనగా చిగుళ్లను పట్టేసే వగరు పదార్థాలు, రంగు కణాలతో ముడిపడి బరువెక్కి మడ్డిగా కిందికి దిగుతాయి. ఊదా రంగు ఇటుక రంగుకు తిరుగుతుంది. పండు వాసన తగ్గి దేవదారు, పొగాకు, తడి ఆకుల వాసన పైకి వస్తుంది. ఇందుకు 12 నుంచి 14 డిగ్రీల నిలకడైన చల్లదనం, చీకటి, కార్క్ ఎండిపోనంత తేమ కావాలి, సీసా పడుకుని ఉండాలి. పాత బియ్యానికి ఎక్కువ ధర పెట్టే తెలుగువారికి ఈ విలువ కొత్తగా బోధించనక్కరలేదు. అయితే ప్రతి చిన్నబోయిన ఏడూ దాచదగినది కాదు. 1972 వంటి పచ్చి ఏళ్లలో వగరు కరిగాక మిగిలేది పులుపు మాత్రమే. 1988లో పండు ఉన్నది, కాని దాని మీద కరుకు టానిన్ కప్పు ఉన్నది. వెంటనే వచ్చిన 1989, 1990లు తొలి గుక్కలోనే నచ్చడంతో దాని వైపు చూసినవారు తక్కువ. 2001ను మూడు సున్నాల 2000 మోజు మింగివేసింది, ఆ ఏటి పోమెరోల్ ప్రాంతపు వైన్లు ఎంత సొగసైనవైనా. 2008 పంట అమ్మకానికి వచ్చేసరికి ప్రపంచ ఆర్థిక సంక్షోభం నడుస్తున్నది.

అటువంటి సీసాను తెరిచే తీరు కూడా ఒక కళే. ఒక రోజు ముందే నిలబెట్టి మడ్డిని అడుగుకు దింపి, కార్క్‌ను కదలకుండా తీసి, మెడ వెనుక కొవ్వొత్తి వెలిగించి, చెయ్యి ఆపకుండా ఒకే ధారగా గాజు కూజాలోకి వంచుతారు. సీసా భుజం దగ్గర నల్లని నూలుపోగు వంటి మడ్డి గీత కనబడిన క్షణాన ధార ఆగిపోవాలి.

ఇంతటి విద్యను నూటికి ఇన్ని మార్కులనే లెక్క పాడుచేసింది. అమెరికా విమర్శకుడు రాబర్ట్ పార్కర్ మార్కుల కోసం ద్రాక్షను మాగబెట్టి, చిక్కని జామ్ వంటి వైన్లు తీసే ధోరణి పెరిగింది. 2003 వింటేజ్ షాతో పావీ వైన్ మీద ఆయనకూ బ్రిటిష్ విమర్శకురాలు జాన్సిస్ రాబిన్సన్‌కూ జరిగిన వాగ్వాదంలో, దానిని తిరస్కరించిన రాబిన్సన్ పక్షమే బోర్డో సంప్రదాయపు పక్షం. 2006లో ఐరోపా సంఘం ఓక్ చెక్క ముక్కల వాడకాన్ని అనుమతించడంతో, పీపా ముఖం ఎరుగని వైన్ కూడా పీపా వాసన పులుముకుని అంగళ్లకెక్కుతున్నది. ఇది కళ కాదు, కళకు వేసిన దొంగ వేషం. మరోవైపు వైన్ అమ్ముడుపోక, జిరోండ్‌లో సుమారు 9,500 హెక్టార్ల తీగలను పెరికివేయడానికి 2023లో ప్రభుత్వ సాయంతో పథకమే వచ్చింది. పోతున్నవి పేరున్న షాతోల తోటలు కావు, చిన్న రైతులవి.

ధర విషయంలో ఆంథొనీ బార్టన్‌ను తలచుకోకుండా ఉండలేము. 2022లో మరణించేవరకూ తన షాతో లేయోవిల్ బార్టన్ వైన్‌ను తాగేవారి చేతికి అందే ధరకే ఇవ్వాలన్న మాట ఆయన తప్పలేదు. 2012లో షాతో లాతూర్, పీపాలో ఉండగానే ముందస్తుగా అమ్మే పద్ధతిని వదిలి, సొంత మాళిగలో పక్వానికి వచ్చాకే విడుదల చేయడం మొదలుపెట్టింది. ధర సామాన్యమైనది కాకపోయినా ఆ పద్ధతి శిరోధార్యం. మిగిలిన షాతోలు కూడా పేరు రాని ఏళ్ల సీసాలలో కొంత భాగాన్నైనా ఇలా దాచి పదిహేనో ఏట బయటికి తేవాలి. తడి ఆగస్టును దాటి సెప్టెంబరు, అక్టోబరు ఎండలతో నిలదొక్కుకున్న 2014 సెంతెస్తెఫ్ ప్రాంతపు వైన్లను కొన్నవారు ఇప్పుడే తొందరపడి అన్నీ తెరిచేయక, సగమైనా మరో పదేళ్లు అట్టిపెట్టాలి.