మోతలో దొరికే పగులు

కుండ కొనేవాళ్లు ముందు దాన్ని తట్టి చూస్తారు. అంచును వేళ్లతో పట్టుకొని పైకెత్తి, కడుపు మీద వేలి కణుపుతో కొడతారు. ఖంగుమంటే తీసుకుంటారు, బొంగురుగా పలికితే పక్కన పెడతారు. అరచెయ్యి ఆనిస్తే మంచి కుండైనా సరిగ్గా మోగదని, చుట్టూ తిప్పి నాలుగు చోట్ల తట్టాలని ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. మేస్త్రి రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి కొట్టి వినడం, పరిచిన టైల్ కింద గుల్ల ఉందేమోనని తట్టడం, రైలు చక్రాలను సుత్తితో మోగించుకుంటూ పోవడం, శిల్పి రాయిని మోగించి ఎంచుకోవడం అన్నీ ఇదే కోవలోవి. వంతెనలకు సెన్సర్లు బిగించి కంపనాలు కొలిచే ఇంజనీర్లదీ ఇదే పని. ఈ విద్య అంతా చెవి చురుకుదనమేనని చాలామంది అనుకుంటారు. చెవి అవసరమే, కానీ దీనికి ప్రాణం పోలికలో ఉందని నా నమ్మకం.

ఏ వస్తువైనా తన బిగువును, బరువును బట్టి ఒక సొంత వేగంతో కంపిస్తుంది. దాన్నే సహజ పౌనఃపున్యం అంటారు. పగులు పడితే బరువు అలాగే ఉంటుంది, బిగువు సడలుతుంది, స్వరం కిందికి దిగుతుంది. పైగా పగులు అంచులు ఒకదానితో ఒకటి రాసుకొని శక్తిని హరిస్తాయి కనుక మోత తొందరగా ఆగిపోతుంది. బొంగురు అనేది ఈ రెండూ కలిసిన ఫలితం. చుట్టూ తిప్పి తట్టడంలోనూ లెక్క ఉంది. పగులు ఎక్కడుందో దాన్నిబట్టి మారే స్వరం వేరవుతుంది. ఉదాహరణకు, రెండు కొసలా ఆనిన దూలం మొదటి కంపనంలో నడిమధ్యన బాగా వంగుతుంది, రెండో కంపనంలో అక్కడే అసలు వంగదు. అందువల్ల నడుమ పగిలితే మొదటి స్వరం దిగుతుంది, రెండోది దాదాపు కదలదు. ఇలాంటి తేడాలనుబట్టి పగులు చోటును పట్టవచ్చని బ్రిటన్‌లో కాలీ, ఆడమ్స్ 1979లో చూపించారు.

కుండకు చెల్లింది వంతెనకు చెల్లుతుందా అన్నది న్యాయమైన సందేహం. బిగువు 2 శాతం తగ్గితే స్వరం దిగేది సుమారు 1 శాతమే. అమెరికాలోని ఆల్బకర్కీలో కూల్చివేతకు సిద్ధమైన ఐ-40 వంతెన ఉక్కు గర్డర్‌ను 1993లో పరిశోధకులు కావాలనే అంచెలంచెలుగా కోశారు. గర్డర్ అడుగున ఉండే వెడల్పు పట్టీ అయిన ఫ్లాంజ్‌ను పూర్తిగా తెంపిన చివరి కోత దాకా పౌనఃపున్యాల్లో చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. స్విట్జర్లాండ్‌లోని జడ్-24 కాంక్రీటు వంతెనను 1998లో కూల్చేముందు నెలల తరబడి కొలిస్తే, ఏ దెబ్బా తగలకముందే పౌనఃపున్యాలు 14 నుంచి 18 శాతం దాకా అటూ ఇటూ అయ్యాయి. చలికి పైన పరిచిన తారు గడ్డకట్టి వంతెన బిగువెక్కడం అందుకు ముఖ్య కారణం. వాతావరణమే ఇంత ఆటాడిస్తే చిన్న పగులు ఆ సందట్లో దాక్కోదా?

దాక్కుంటుంది, ఒక్క కొలతనే నమ్ముకుంటే. వెంట్రుకవాసి పగులుకు అల్ట్రాసోనిక్ పరీక్షే దిక్కు, అందులో వాదన లేదు. కానీ కుండల వరస ముందు కూర్చున్న మనిషి ఒక్క కుండనే విని తీర్పు చెప్పడు. ఒకే ఆవంలో కాలిన, ఒకే సైజు కుండలను, ఒకే ఎండలో, ఒకదాని తర్వాత ఒకటి తడతాడు. వేడి, తేమ అన్నింటికీ సమానమే కాబట్టి వేరుగా పలికింది ఇట్టే దొరికిపోతుంది. రాజమహేంద్రవరంలో గోదావరి మీద విల్లు ఆకారపు కమానులతో కట్టిన రైలు వంతెనకు ఒకే కొలతవి 28 స్పాన్లున్నాయి. అలాంటి వంతెన మీద ఒకే రైలు ఒకే సాయంత్రం పోతున్నప్పుడు ప్రతి స్పాన్ కంపనాన్నీ పక్కదానితో పోల్చి చూస్తే ఎండావానల తేడా చాలామటుకు కొట్టుకుపోతుంది. పునాదుల తేడాలు, బేరింగుల అరుగుదల మిగులుతాయి కనుక, వంతెన కొత్తగా తెరిచిన రోజుల్లోనే ఒక్కో స్పాన్ స్వరాన్ని విడివిడిగా నమోదు చేసి దాచుకోవాలి. అప్పుడు ఏ స్పాన్ పక్కవాటినుంచీ, తన పాత స్వరంనుంచీ కూడా తప్పుకుందో, అల్ట్రాసోనిక్ పరికరం పట్టుకొని ముందు దాని దగ్గరికే వెళ్లవచ్చు.