పటంలో చోటు అమ్మకానికి లేదు

పూరీ వెళ్లినవాళ్లు ప్రసాదంతో పాటు ఒక బొమ్మ కూడా ఇంటికి తెచ్చుకునే కాలం ఉండేది. దాన్ని యాత్రీపటి అంటారు. అక్కడి చిత్రకార కుటుంబాలు గుడ్డమీద వేసి యాత్రికులకు అమ్మేవి. కొన్నిటిలో క్షేత్రమంతా శంఖం ఆకారంలో ఉంటుంది. నడుమ జగన్నాథుడి గుడి, చుట్టూ చిన్న గుళ్లు, కొలనులు, ఒక పక్క సముద్రం, అందులో చేపలు. కొలబద్ద పెట్టి చూస్తే ఒక్క దూరమూ సరిపోదు. అయినా ఊరు చూసినవాడు ఇది పూరీయే అంటాడు. చూడనివాడికి ఎక్కడెక్కడ ఆగాలో తెలుస్తుంది. ఊరిని బొమ్మగా గీసి అమ్ముకోవడం పరదేశపు ఆలోచన అనేవాళ్లకి నేను ముందు చూపించేది దీన్నే. మన శ్రీకాకుళం జిల్లా సరిహద్దు దాటి కొన్ని గంటలు రైల్లో వెళ్తే చాలు, ఈ వ్యాపారం తరతరాలుగా నడిచిన ఊరు వస్తుంది.

నేను చేసేదీ అదే పని. శ్రీకాకుళానికి, చుట్టుపక్కల ఊళ్లకి బొమ్మల పటాలు గీస్తాను, అచ్చు వేయిస్తాను, ఇంట్లోనే మడతలు పెట్టి అమ్ముతాను. ఫోన్‌లో పటం ఉండగా కాగితం ఎందుకని అడుగుతారు. దారి చెప్పడంలో ఫోన్‌తో నేను పోటీ పడను. కానీ ఫోన్‌లో అరసవల్లి ఒక చుక్క, పక్కనున్న సెల్‌ఫోన్ రిపేరు షాపు మరో చుక్క. రెండూ ఒకే సైజు. నా పటంలో అరసవల్లి అరచెయ్యంత ఉంటుంది. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ తెల్లవారి ఎండ గాలిగోపురం గుండా వెళ్లి సూర్యనారాయణమూర్తి పాదాలు తాకే గుడి అది. రథసప్తమి నాడు ఊళ్లో కాలు పెట్టే చోటుండదు. అంత పెద్ద సంగతిని చుక్కగా గీస్తే కొలత నిలుస్తుంది, ఊరు మాత్రం పోతుంది.

బొమ్మ పటానికి మొదట తేల్చుకోవాల్సింది ఎటు నుంచి చూస్తున్నామన్నది. పైనుంచి ఏటవాలుగా ఊరిని చూపించాలంటే కన్ను ఒకే దిక్కున నిలవాలి. అరసవల్లి స్వామి చూపు తూర్పుకి. పదిహేను కిలోమీటర్ల లోపే ఉన్న శ్రీకూర్మంలో కూర్మనాథుడు పడమటికి తిరిగి ఉంటాడు, అందుకే అక్కడ రెండు ధ్వజస్తంభాలు. తూర్పు నుంచి చూస్తే ఒకరి వీపు కనబడుతుంది, పడమర నుంచి చూస్తే మరొకరిది. దక్షిణం నుంచి చూస్తే ఇద్దరూ పక్కకి తిరిగి కనిపిస్తారు, నాగావళి ఊరి మధ్య నుంచి దిగుతుంది, సముద్రం కుడిచేతి వైపు వస్తుంది. అలా దక్షిణం ఖాయమైంది.

తరవాత వీధులు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత జర్మనీలో హెర్మన్ బోల్‌మన్ అనే ఆయన బ్రౌన్‌ష్వైగ్‌లో బొమ్మల పటాల సంస్థ పెట్టాడు. 1960ల మొదట్లో న్యూయార్క్ మన్‌హాటన్‌ని కిటికీలతో సహా గీశాడు. మేడల చాటున వీధులు మాయమైపోకుండా వాటి వెడల్పు పెంచి వేశాడు. మన జీటీ రోడ్డుకి ఆ పని ఇంకా అవసరం. ఉన్నదున్నట్టు గీస్తే పేరు రాయడానికి కూడా చోటు చాలదు. పేర్ల విషయంలో నేను బోర్డుల మాట వినను, ఆటోవాళ్ల మాట వింటాను. ఏడు రోడ్లు, డే అండ్ నైట్, సూర్యమహల్. బస్సు దిగినవాడికి ఈ మూడు కూడళ్లూ తెలిస్తే ఊరు సగం తెలిసినట్టే. రైలు దిగేవాడికి మాత్రం ఇంకో సంగతి పెద్దక్షరాలతో చెప్పాలి: శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది శ్రీకాకుళంలో కాదు, ఆమదాలవలసలో.

ఆధారానికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడతాను. 2004లో మొదలై, స్వచ్ఛందంగా జనం కూడబెట్టిన సమాచారం అది. ఎవరైనా వాడుకోవచ్చు, సమాచారం వాళ్లదన్న మాట మాత్రం అచ్చులో చెప్పాలి. ఇంకొకరి పటం మీద కాగితం పరిచి గీయడం దొంగతనమే. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం కొత్త మార్గదర్శకాలు తెచ్చాక మనబోటి చిన్నవాళ్లు పటం వేయడానికి ముందస్తు అనుమతుల కోసం తిరగాల్సిన పని తప్పింది. దేశ సరిహద్దు గీస్తే మాత్రం సర్వే ఆఫ్ ఇండియా గీసినట్టే ఉండాలి. అది చట్టం. జిల్లా గీతలు నేను సన్నని చుక్కలతోనే సరిపెడతాను. 2022 ఏప్రిల్ 4న రాజాం విజయనగరం వైపు, పాలకొండ పార్వతీపురం మన్యం వైపు వెళ్లాయి. కొండలూ ఏరులూ మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

ఇదంతా బల్ల దగ్గర పని. ఎక్కువ పని కాళ్లది. వీధిలో నిలబడి గీస్తుంటే ఎవరో ఒకరు వచ్చి కాగితంలోకి తొంగిచూస్తారు. "ఏటి బావు గీస్తన్నావు? మా కొట్టు ఎట్టినావా?" అని టీకొట్టాయన అడుగుతాడు. ఆ అడగడంలో ఊరి మీద ప్రేమ ఉంది, పటంలో తన చోటెక్కడో చూసుకోవాలన్న ఆశ ఉంది. అది నాకు ఇష్టం. ఇబ్బంది రెండో రకం అడగడంతో. "ఎంతివ్వమంటారు? మా హోటల్ కొంచెం పెద్దగా వెయ్యండి."

ఈ వ్యాపారంలో అసలు ప్రశ్న ఇదే. హోటళ్ల కౌంటర్ల మీద ఉచితంగా దొరికే పటాలు ప్రకటనలతో నడుస్తాయి. డబ్బిచ్చిన దుకాణం పెద్దగా ఉంటుంది, ఇవ్వనిది ఉండదు. ప్రకటనని ప్రకటనగా వేస్తే తప్పు లేదు. కానీ బొమ్మ పటంలో సైజే నేను చెప్పే మాట. ఏది పెద్దగా ఉంటే అది చూడదగ్గదని చదివేవాడు నమ్ముతాడు. 17వ శతాబ్దపు జామియా మసీదు కంటే ఒక స్వీట్‌షాపు పెద్దగా ఉంటే, ఎందుకుందో అతనికి తెలిసే దారి లేదు. అందుకని చోటు అమ్మను. టీకొట్టు ఉంటే అక్కడ టీ బాగుంటుంది కాబట్టి ఉంటుంది.

డబ్బివ్వలేని చోట్ల కోసమే ఈ పంతం. శాలిహుండం కొండ తరఫున ఎవరు డబ్బు కడతారు? వంశధార ఒడ్డున, 1919లో గిడుగు వెంకట రామమూర్తి గారు వెలుగులోకి తెచ్చిన బౌద్ధ స్తూపాల కొండ అది. కళింగపట్నం బీచికి పోయే కార్లు దాని మలుపు దాటి వెళ్లిపోతుంటాయి. నా పటంలో ఆ కొండ బీచి దగ్గరి లైట్‌హౌస్ కంటే పెద్దది. పొందూరు దగ్గర ఊరి పేరు మీద వాలుగ చేప దవడ ఎముక గీశాను. ఆ పళ్లతోనే పత్తిని దువ్వి శుభ్రం చేసి సన్న నూలు వడుకుతారు అక్కడి ఆడవాళ్లు. పటం కొన్నవాళ్లలో కొందరు ఆ ఎముక బొమ్మ చూసి, ఇదేంటో తెలుసుకుందామని పొందూరు దాకా వెళ్లారు. ఈ పని మీద నాకు నమ్మకం నిలిపేవి అలాంటి కబుర్లే.

మరి డబ్బెలా? ఆఫ్‌సెట్‌లో నాలుగు ప్లేట్ల ఖర్చు వందకైనా వెయ్యికైనా ఒకటే. కాబట్టి ఎక్కువ వేయాలి, ఎక్కువ వేస్తే పెట్టుబడి ఇంట్లో కట్టలుగా పడుంటుంది. పుస్తకాల షాపుకి కమీషన్ పోతుంది. ఆర్ట్ పేపర్ మెరుస్తుంది గానీ మడత దగ్గర రంగు పగిలిపోతుంది, ఎండలో చదవడానికి వీల్లేదు. మందపాటి మ్యాప్‌లితో వాడతాను, మడత కాగితం పోగు వెంబడే పడాలని ప్రెస్‌లో దగ్గరుండి చూసుకుంటాను. సముద్రం ఒడ్డున గాలికి పెద్ద కాగితం నిలవదు, అందుకని రెండు మడతలు తెరిస్తే ఒక ప్రాంతం పూర్తిగా కనబడేలా పేజీ కూర్చాను. ఇంత చేసినా పటాలతోనే ఇల్లు గడవదు. పెళ్లి శుభలేఖల వెనక కల్యాణమండపానికి దారి బొమ్మలు గీస్తాను, బడి గోడల మీద ఊరి పటాలు వేస్తాను. మాఘం, వైశాఖం బాగుంటే ఆ ఏడు కొత్త పటం వస్తుంది.

ఇప్పుడు విజయనగరం మీద ఉన్నాను. మూడు లాంతర్లు, ఘంటస్తంభం, 1713లో పునాది వేసిన కోట, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన సంగీత కళాశాల. వీటికి చోటు దొరికింది. ఓ పట్టాన తేలనిది పైడితల్లమ్మ పండగ సిరిమాను. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ గుడికీ కోటకీ మధ్య ఆ చింతమాను మూడుసార్లు తిరుగుతుంది. మిగతా రోజుల్లో అక్కడ ఉండేది మామూలు ట్రాఫిక్కే. ఏడాదికి ఒక్క పూట ఉండేదాన్ని పటంలో పెట్టాలా అని చాలాకాలం ఆలోచించి, పెట్టాను, ఘంటస్తంభం కంటే పొడుగ్గా. ఆ ఊరివాళ్లు ఎక్కడున్నా ఆ మంగళవారానికి ఇంటికొస్తారు.

అచ్చు ఖర్చంతా తను పెట్టుకుంటానని, సిరిమాను కింద తన షాపు బోర్డు కనబడాలని ఆ దారిలోని ఒక వ్యాపారి కబురు పంపారు. మర్యాదగానే వద్దన్నాను. ఈ పటం ధర శ్రీకాకుళం పటం కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. ఎందుకు ఎక్కువో వెనక వైపు రెండు వాక్యాల్లో రాసి పెట్టాను.