స్తంభాల్లేని హాలు

హైదరాబాదు మాదాపూర్‌లోని హెచ్‌ఐసిసికి మొదటిసారి వెళ్ళినప్పుడు కాళ్ళు నొప్పెట్టి, ఆనుకోవడానికి ఒక స్తంభం కోసం వెతికాను. దొరకలేదు. 2006లో మొదలైన ఈ కన్వెన్షన్ సెంటర్ గొప్పగా చెప్పుకునేది కూడా అదే. పెద్ద హాలు మొత్తానికీ ఒక్క స్తంభం ఉండదు. ఎక్కడ కూర్చున్నా వేదిక కనబడుతుంది. అడ్డుగోడలు జరిపితే ఆరు చిన్న హాళ్ళవుతుంది. ఏ సభకైనా సరిపోతుంది.

మాది బద్వేలు. మండపం అనగానే నాకు గుర్తొచ్చేది ఒంటిమిట్ట. అక్కడి రంగమండపంలో 32 స్తంభాలు. వెనక కూర్చున్నవాళ్ళకి దేవుడు సరిగా కనబడడు, నిజమే. కానీ వీపు ఆనించుకోవడానికి చల్లటి రాయి ఉంటుంది. పక్కన ఎవరో అవ్వ కునుకు తీస్తుంటుంది. పిల్లలు రాతిబొమ్మల మీద వేళ్ళు పెట్టి కతలు అడుగుతుంటారు.

స్తంభాలు లేకుండా అంత కప్పు నిలబెట్టడం మామూలు పని కాదు, ఒప్పుకుంటాను. నా పేచీ వేరే. తలుపులు మూశాక ఆ హాలు ఏ ఊళ్ళో ఉందో చెప్పలేం. క్యోటో అంతర్జాతీయ సమావేశ కేంద్రాన్ని నేను ఫొటోల్లోనే చూశాను. 1966లో తెరిచిన ఆ భవనాన్ని సాచియో ఓతాని రూపొందించాడు. వాలుగా లేచే కాంక్రీటు గోడలు, ముందు కొలను, వెనక కొండలు. పాత జపాను కప్పుల వాలు అందులో ఉంది, నకలు మాత్రం కాదు. 1997లో వాతావరణ ఒప్పందం కుదిరింది అక్కడే.

2012 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సదస్సు మన హెచ్‌ఐసిసిలో జరిగింది. పేద దేశాలకిచ్చే సాయాన్ని రెట్టింపు చేయాలని ఒప్పుకున్నారు. మంచిదే. నాకు మాత్రం కలివికోడి గుర్తొస్తుంది. ఇక లేదనుకున్న ఆ పక్షి 1986లో మా కడప జిల్లాలోనే మళ్ళీ కనబడింది. మా ఊరి పక్క లంకమల చుట్టూ ఉన్న ముళ్ళపొదలే దాని ఇల్లు. రాత్రిళ్ళు తిరుగుతుంది. తెలుగుగంగ కాలువ పనులు ఆ పొదల్నే తవ్వాయి. ఆ నీళ్ళ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసింది కూడా మేమే. బోరు ఎండిన రైతు ముందు నిలబడి పక్షి గురించి మాట్లాడి చూడండి, నోరు పెగలదు.

జీవవైవిధ్యం అంటే ఆ పెగలని నోరే. స్తంభాల్లేని హాల్లో అది వినబడదు. అక్కడ అన్నీ సాఫీగా కనబడతాయి, దేనికీ తల పక్కకి వంచి చూడనక్కర్లేదు.

అలాగని గేటు దగ్గర కాకతీయ తోరణం నకలు పెడితే సరిపోదు. అది ఫొటోలు దిగడానికే పనికొస్తుంది. సభకి వచ్చినవాళ్ళ చూపుకి ఈ నేల ఎక్కడో ఒకచోట అడ్డం రావాలి. ఒంటిమిట్టలో ఆ పని రాయి చేస్తోంది, అలిసినవాళ్ళకి వీపు కూడా ఇస్తోంది.