అనుమానము - నిదర్శనము: అపరాధ పరిశోధక నవలలపై మా అభిప్రాయము

అపరాధ పరిశోధక నవల యన్నంతనే ముఖము చిట్లించు పెద్దలు మనలో నేటికిని గలరు. ప్రబంధములను, శతకములను చదువవలసిన కాలమును హత్యలకును దొంగతనములకును వెచ్చించుట వారికి రుచింపదు. వారి మాటలో న్యాయము లేకపోలేదు. కాని చంద్రపురమువంటి చోట, పిల్లలు మరాఠీలో చదువుకొనుచు, తెలుగును చెవితో వినుటయే గాని కంటితో చదువుట అరుదైన కుటుంబములలో, చేతబట్టినంతనే విడువబుద్ధికాని తెలుగు పుస్తకమును తేలికగా త్రోసివేయరాదు. ఈ తలంపుతోనే మేము ఇటీవల అట్టి నవలలు కొన్ని మరల చదివితిమి. తోచినది తోచినట్లు మనవి చేయుచున్నాము.

కీర్తిశేషులు కొమ్మూరి సాంబశివరావు గారి నవలలలోని డిటెక్టివ్ యుగంధర్, ఆయన సహాయకుడు రాజు ఒక తరము పాఠకులకు ఇంటి మనుష్యులైరి. 1887లో కానన్ డాయిల్ షెర్లాక్ హోమ్సును, వాట్సనును ప్రవేశపెట్టినది మొదలు ఇట్టి జంటలు పెక్కు భాషలలో వెలసినవి. మరాఠీలో బాబూరావు అర్నాళకర్ గారు వేయికి పైగా రహస్య నవలలు వ్రాసి, పుస్తకము ముట్టనివారిని సైతము పాఠకులను గావించిరి. కొమ్మూరి వారు తెలుగున చేసిన సేవయు అట్టిదే. వాక్యము చిన్నది, మాట తేట. అక్షరములు కూడబలుకుకొను బాలుడును పుట వెంట పుట త్రిప్పగలడు.

లోపములును గలవు. పాత్రలు చదరంగపు పావులవలె కదలునే గాని, వారి కన్నీరు మనకు అంటదు. చనిపోయినవాడెవడో తెలియును; వాని కొరకు ఏడ్చినవారెవరో తెలియదు. 1929లో రోనాల్డ్ నాక్స్ అను ఆంగ్ల రచయిత ఇట్టి కథలకు పది నియమములు విధించుచు, పరిశోధకునికి దొరికిన ఆధారము పాఠకునికిని వెంటనే చూపవలెననెను. మన డిటెక్టివ్ నవలలలో ఈ నియమము పలుమారులు భంగమైనది.

అదే నాక్స్ మానవాతీత శక్తులను కథలోనికి రానీయరాదనెను. ఇచటనే రెండవ తెగ నవలల ప్రసక్తి వచ్చుచున్నది. శ్రీ యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’ 1980ల ఆరంభమున తెలుగునాట సంచలనము కలిగించినది. పసిబిడ్డపై చేతబడి, కాష్మోరా, ఒకవైపు వైద్యులు, మరియొకవైపు మంత్రగాండ్రు: ఈ రెండు త్రోవలను ప్రక్కప్రక్కనే నడిపిన నేర్పు సామాన్యమైనది కాదు. రాత్రి దీపము ఆర్పుటకు మాకును జంకు కలిగినది. కథనశక్తిలో ఇది పైని నవలలను మించినదనుటకు మేము సందేహింపము. బిడ్డకొరకు తల్లిదండ్రులు పడు వేదన ఇందు నిజముగా మనసునకు తగులును.

అయినను మా మనసు కుదుటపడలేదు. రెండు తెగల కథలును అనుమానముతోనే ఆరంభమగును. డిటెక్టివ్ నవలలో అనుమానము పరీక్షకు నిలువవలెను. నిలువనిచో అనుమానితుడు విడుదలయగును. చేతబడి నవలలోనో, అనుమానమే నిదర్శనమగును. హేతువాదికి రచయిత ఒక వాకిలి తెరచియుంచినను, భయపడిన పాఠకుడు ఆ వాకిటివైపు పోడు.

ఇది వట్టి సాహిత్యచర్చ కాదు. 2021 ఆగస్టులో మన జిల్లాలోనే, తెలంగాణ పొలిమేరనున్న జివతి తాలూకాలోని వణీ గ్రామమున, భానామతి చేసిరను అనుమానముతో వృద్ధులతో సహా ఏడుగురిని కట్టివేసి కొట్టిరి. చేతబడి వంటి దురాచారములపై మహారాష్ట్రము 2013లోనే శాసనము చేసియున్నది. ఆ దౌర్జన్యమునకు ఏ నవలయు కారణమని మేము అనము. నవలలు పుట్టకమునుపే ఆ భయము కలదు. కాని తెలుగునను మరాఠీనను పలుకబడు ఆ మాట వెనుక కట్టువడిన మనిషి యొకడు ఉండునని మరచి, మనము దానిని వినోదముగా మాత్రమే చదువజాలము.

కావున మా సలహా యిది. యుగంధరుని పిల్లల చేతికి నిర్భయముగా ఇయ్యవచ్చును. అది మెట్టు, మేడ కాదు. ‘తులసిదళం’ దాచిపెట్టనక్కరలేదు, దాచిన పుస్తకమునే పిల్లలు ముందుగా వెదకుదురు. పెద్దలు తాము చదివి, పిల్లలు చదివినపిదప ఒక్క ప్రశ్న వేసిన చాలును: “దీనికి నిదర్శనమేమి?” ఆ ప్రశ్న తెలుగులో అడిగి, తెలుగులోనే బదులు రాబట్టినచో, భాషయు వివేకమును ఒక్కమారే నిలుచును.